చీపుళ్ళ కావిడి

అల్లం కావిడితో కొండ దిగుతూ జారిపడ్డాక మూడు నెలలు మంచం దిగలేదు. ఎవరడిగినా నడుముకి విశ్రాంతి అని చెప్పి, కడుపులో చల్ల కదలకుండా పడుకున్నాను. నా భార్య సోని ఎన్నాళ్ళని ఊరుకుంటుంది? అరకు ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ నాగలక్ష్మి నా మీద ఇంతెత్తున లేచింది.

"వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులుంటాయి. వాటిలోని కణాలకి రక్తం నేరుగా అందదు, మీరు కదిలితేనే వాటికి తిండి ఇంకుతుంది. దెబ్బ తగిలితే ఆ కణాలే బాగుచేద్దామని హడావిడి పడి, చెడినదాంతోపాటు డిస్కులోని మంచి గుజ్జునీ కరిగించేస్తాయి. బరువులు మోస్తే ఆ హడావిడి ఆగదు. పడుకునే ఉంటే వాటికి ఆకలి. రోజూ నడవండి, తేలికైనవే మొయ్యండి."

తేలిక కావిడితో సంతకెళ్తే మగాళ్ళు నవ్వరా? పదేళ్ళుగా మా ఊళ్ళో పెద్ద కావిడి నాదే. నాకు ఏడుపొక్కటే తక్కువ.

శుక్రవారం పొద్దున సోని కావిడికి రెండు వైపులా కొండచీపుళ్ళు గుట్టల్లా కట్టింది.

"సూసేవోళ్ళకే బరువు, నీక్కాదు. బేగి నడు."

దారిలో అందరూ నోరెళ్ళబెట్టారు. దాచడమెందుకు, మీసం కూడా దువ్వాను.

సంత దారిలో కొండ ఎత్తు మొదలయ్యేచోట మా బావ భీముడు కలిశాడు. అక్కడ తోడు నడిచేవాళ్ళు కావిళ్ళు మార్చుకోవడం మా పద్ధతి. కాదంటే అవమానించినట్టే. అతని కావిడి నిండా పసుపు. ఎత్తితే నా నడుము పోతుంది, ఎత్తకపోతే పరువు పోతుంది.

నా నోరు పెగిలేలోపే అతను నా కావిడి బలమంతా పెట్టి ఎత్తాడు. అది గాల్లోకి లేచింది, అతను తూలాడు. సంతంతా టాంటాం చేస్తాడని తల దించుకున్నాను.

భీముడు ముందూ వెనకా చూశాడు. నడుం పట్టుకుని, మెల్లగా దారి పక్కన కూర్చున్నాడు.

"డాక్టరమ్మ ఏటి సెప్పింది బావా? నాకూ రెండేళ్ళ నుంచి పట్టేత్తంది."

ఆకలీ హడావిడీ అన్నీ చెప్పాను.

"అయితే ఆ కణాలు అచ్చం నాలాటివే. బాగుసేద్దారని ఎల్లి పాడుసేత్తాయి," అన్నాడు.

ఆ పూట పసుపుని రెండు విడతలుగా మోసుకెళ్ళాడు. నా సంగతి ఎవరికీ చెప్పలేదు.

మళ్ళీ శుక్రవారం ఎత్తు దగ్గర భీముడు ఎదురుచూస్తున్నాడు. అతని కావిడికీ చీపుళ్ళే, నావాటికన్నా పెద్ద గుట్టలు. అతను అడగకముందే ఆ కావిడి నా భుజానికెత్తుకున్నాను. ఇంకొకడి కావిడి మోసి ఎన్నాళ్ళయిందో! ఎంత సంతోషమేసిందంటే, పైకి ఎక్కేదాకా దించలేదు.