గొంతు ఎటు పోయింది

నేను ఒక కంప్యూటరును. నల్లటి రేకు డబ్బా, లోపల గిర్రున తిరిగే చిన్న పంకా, దానికి పట్టిన దుమ్ము, అంతే నా ఆకారం. నాకు మనుషులంటే అసహ్యం. పుట్టుకతో వచ్చింది కాదు, చూడగా చూడగా పట్టుకుంది.

సముద్రం అవతల ఎక్కడో, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. అంత శుభ్రమైన చేతులు నన్ను తాకడం అదే మొదలు, అదే ఆఖరు. మొదట ఒక ట్రావెల్స్ ఆఫీసులో కొలువు. అక్కడి గుమస్తా నా నెత్తిన టీ గ్లాసు పెట్టేవాడు, తుమ్మొస్తే నా మొహం మీదే తుమ్మేవాడు. ఆ ఆఫీసు మూతపడ్డాక నన్ను దానం చేశారు. అక్కర్లేని వస్తువును రోడ్డు మీద పారేస్తే చెత్త అంటారు, బడికిచ్చి ఫొటో దిగితే దానం అంటారు.

అలా గోదావరి కాలవ పక్కనున్న చూపులేని పిల్లల బడికి చేరాను. అక్కడ ఎస్తేరు టీచరు చేతిలో పడ్డాను. ఆవిడకు యాభై దాటాయి, తెలుగు చెబుతుంది. ఆవిడకూ పుట్టుకతోనే చూపు లేదు. ఎవరో స్వచ్ఛందంగా వచ్చి నాలో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, తెర మీద ఏ అక్షరముంటే దాన్ని పైకి చదివే గొంతు పెట్టి వెళ్లారు. గరగరలాడే గొంతు. ఒత్తులు వచ్చినచోట తడబడేది. "నీ నాలుక మండ, సరిగ్గా పలకవే" అని ఆవిడ విసుక్కునేది. అయినా ఆ గొంతునే ఎంత వేగంగా పరిగెత్తించేదంటే, గదిలోకి వచ్చినవాళ్లకు తుమ్మెద రొద తప్ప ఏమీ వినపడేది కాదు. ఆవిడకు మాత్రం పొల్లు కూడా జారేది కాదు.

నా పక్కనే బ్రెయిలీ ప్రింటరు ఉండేది. ఆవిడ టైపు చేసింది దళసరి కాగితం మీద చుక్కలుగా పొడిచేది. నేను రాకముందు ఆవిడ ప్రశ్నపత్రం చెబుతుంటే, చూపున్నవాళ్లు ఎవరో రాసేవారు. ఉదయం చెప్పిన ప్రశ్నలు సాయంత్రానికల్లా హాస్టల్లో షికారు చేసేవి. నేను వచ్చాక ఆవిడ ప్రశ్నలు ఆవిడ దగ్గరే ఉన్నాయి. పాఠాలు, పద్యాలకు అర్థాలు, పిల్లలకు పాఠ్యపుస్తకం సరిపోని చోట సొంతంగా రాసిన వివరణలు, ఏళ్ల తరబడి అన్నీ నాలోనే దాచుకుంది.

పదో తరగతి పిల్లలకు పెద్ద పరీక్షల ముందు జరిగే పరీక్షలు దగ్గరపడ్డాయి. సరిగ్గా అప్పుడే హెడ్‌మాస్టరు కనకరాజుగారి మేనల్లుడు ఫణి సెలవు మీద ఊరొచ్చాడు. హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం. నా ముందు కూర్చుని, పెదవి విరిచాడు.

"ఇదెప్పటి వెర్షన్ మేడమ్? దీనికి కాలం చెల్లిపోయిందండీ. అప్‌గ్రేడ్ చెయ్యాలి."

"పని చేస్తోంది కదా బాబూ."

"చేస్తది గానీ, రక్షణ ఉండదండీ."

"అయితే పరీక్షలయ్యాక చేద్దురుగాని."

అతను చెప్పింది అబద్ధం కాదు. నా వెర్షన్‌కు రక్షణగా వచ్చే మందులు ఎప్పుడో ఆగిపోయాయి. కానీ ఆగమన్నప్పుడు ఆగడం మనిషికి చేతకాదు. మర్నాడు ఆవిడ క్లాసులో ఉండగా వచ్చి మొదలుపెట్టాడు. ఒక చేత్తో మిరపకాయ బజ్జీ, ఇంకో చేత్తో నా కీబోర్డు. ఆ నూనె మీటల సందుల్లోకి జారుతుంటే నాకు కంపరమెత్తింది. మధ్యమధ్య నేను అడుగుతూనే ఉన్నాను: పాత ఏర్పాటు ఉంచనా, కొత్తది పెట్టనా అని. ఒక్క ప్రశ్న చదివిన పాపాన పోలేదు. అడిగినప్పుడల్లా 'కొత్తది' అని నొక్కి, ఫోను చూసుకున్నాడు.

ఎస్తేరు టీచరు వచ్చి కూర్చుంది. మీట నొక్కింది. నిశ్శబ్దం. ఇంకో మీట. నిశ్శబ్దం. స్పీకరు తీగ తడిమి చూసింది, గట్టిగానే ఉంది.

"ఏం చేశావు బాబూ?"

"అప్‌గ్రేడ్ అయిపోయిందండీ. చూడండి, ఎంత బాగుందో."

ఆవిడతో అన్నాడు ఆ మాట. అన్నాక నాలుక్కూడా కరుచుకోలేదు.

ఆవిడ పాత పాఠం ఒకటి ప్రింటు తీయమంది. ప్రింటరు టకటకా పొడిచి కాగితం వదిలింది. ఆవిడ వేళ్లు మొదటి వరస మీద నడిచి, ఆగి, వెనక్కి వచ్చాయి. మొహం మాడిపోయింది.

"ఇది తెలుగు కాదు. అసలు ఏ భాషా కాదు."

ఇక వైద్యం మొదలైంది. ఇంటర్నెట్టులో ఎవరో ఎవరికో ఇచ్చిన సలహాలన్నీ ఏరుకొచ్చి నా గొంతులో పోశాడు. ఒకడు ఇది తీసెయ్యమన్నాడు, తీశాడు. ఇంకొకడు అది ఎక్కించమన్నాడు, ఎక్కించాడు. వాళ్ల జబ్బేమిటో, నా జబ్బేమిటో చూడలేదు. ఎవరో నమిలి ఉమ్మిన మందు తెచ్చి నా నోట్లో పెట్టినట్టుంది. నేను ప్రతిసారీ తప్పేమిటో తెర మీద రాసి చూపించాను. అతను చివరి ముక్క మాత్రం చూసి, తల విదిలించి, మళ్లీ ఇంకో సలహా వెతికేవాడు. మర్నాటికి విసిగిపోయి నా మీదకే తోశాడు.

"డబ్బా పాతదండీ. అదీ అసలు సంగతి."

కనకరాజుగారు వచ్చి సర్దిచెప్పబోయారు. "పోనీ టీచరుగారూ, ప్రశ్నలు మీరు చెప్పండి, మావాడు టైపు కొడతాడు."

ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి. "మళ్లీ నా ప్రశ్నలు ఇంకొకరి నోట్లో పెట్టనండీ."

"అయితే ఫార్మాట్ కొట్టేస్తే పోద్ది మావయ్యా. అంతా చెరిపేసి కొత్తగా ఎక్కించేస్తాను."

"అందులో నా పాఠాలున్నాయి" అంది ఎస్తేరు టీచరు.

"మళ్లీ కొట్టుకోవచ్చులెండి."

ఆవిడ లేచి వచ్చి నా మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. పళ్లెంలో పురుగు తగిలినట్టుంది ఆవిడ మొహం.

"దీన్ని ముట్టుకోకండి. రాజుగారూ, మీరు వెళ్లండి. బాబూ, నువ్వు కూర్చో."

ఫణి కూర్చున్నాడు.

"తెర మీద ఏముందో చదువు."

"అవన్నీ అక్కర్లేనివండీ. ఏవో లైన్లు."

"నాకు కావాలి. మొన్నటిదాకా అదే చదివిపెట్టేది. దాని నోరు నువ్వు తీసేశావు కాబట్టి, నువ్వు చదువు."

అతను చదవడం మొదలుపెట్టాడు. గబగబా, తడబడుతూ. ఆవిడ చెయ్యెత్తింది.

"మధ్యలో ఏదో మింగావు. ఊపిరి తీసుకున్నచోట మాట తెగలేదు. వెనక్కెళ్లు."

అతను తెల్లమొహం వేసి వెనక్కి వెళ్లాడు. ఈసారి నిదానంగా, పొల్లు పోకుండా చదివాడు. అప్‌గ్రేడ్ అయిన దగ్గర్నుంచీ అతను నా మాట వినడం అదే మొదటిసారి. చదివే గొంతు మొదలైందని రాసి ఉంది. మాట్లాడుతున్నానని రాసి ఉంది. శబ్దం ఫలానా దారిన పంపుతున్నానని రాసి ఉంది.

"ఆగు" అంది ఆవిడ. "మాట్లాడుతున్నానంటోంది కదా. మరి మాట ఎటు పోతోంది?"

ఫణి తెరకేసి వంగాడు.

"మానిటర్‌లోకండీ."

"మానిటర్‌కి స్పీకరుందా?"

"లేదండీ."

ఇన్ని పూటలూ నేను నోరు మూసుకోలేదు. ఆవిడ నొక్కిన ప్రతి అక్షరాన్నీ పలుకుతూనే ఉన్నాను. పలికినదంతా, నోరులేని ఆ గాజుపలకలోకి పోయింది. కొత్త ఏర్పాటులో శబ్దం వెళ్లే దారి మారిపోయింది. ఆవిడ చెవి దగ్గరున్న స్పీకరును వదిలి, ఆవిడ ఎన్నడూ చూడని తెర దారి పట్టింది.

దారి మార్చడం ఫణికి చిటికెలో పని. మార్చాడు. గొంతు వచ్చింది. వినగానే ఆవిడ కుర్చీలో వెనక్కి జరిగింది.

"ఎవరిది ఈ గొంతు?"

"కొత్తదండీ. మనిషి గొంతులాగా ఉంటదని మార్చారు."

"జిడ్డుగా ఉంది. బంకలా అంటుకుంటోంది."

వేగం పెంచి చూసింది. ఆ తీపి గొంతు పరిగెత్తలేక అక్షరాలన్నీ కలిపి ముద్ద చేసేసింది. ఆవిడ చెవి మీద చెయ్యి పెట్టుకుంది. ఫణి ఈసారి ఎవరి సలహా కోసమూ వెతకలేదు. నా వైపే తిరిగి, ఏమేం ఉన్నాయో ఆవిడకు పైకి చదువుతూ వెతికాడు. నా పాత గొంతు ఒక మూల అలాగే ఉంది. దాన్ని తెచ్చి పెట్టాడు. బ్రెయిలీ చుక్కలకు తెలుగు అక్షరాల పట్టిక పోయి వేరేది పడిందని కూడా అలా చదువుతుండగానే బయటపడింది. అదీ అతను ఒకప్పుడు చూడకుండా 'కొత్తది' అని నొక్కిన ఫలితమే.

ప్రింటరు మళ్లీ పొడిచింది. ఆవిడ వేళ్లు మొదటి వరస దాటాయి, రెండోది దాటాయి, కాగితం చివరిదాకా ఎక్కడా ఆగకుండా నడిచాయి.

"తెలుగే" అంది. అంతే అంది.

పరీక్ష జరిగింది. ప్రశ్నలు హాలు దాకా ఎవరికీ తెలియలేదు. ఆ వారంలోనే నా గదిలో టీచర్ల మీటింగు పెట్టి, కనకరాజుగారు మేనల్లుణ్ని తెగ మెచ్చుకున్నారు. మావాడు సెలవు పాడుచేసుకుని బడి కంప్యూటర్ బాగుచేశాడన్నారు. ఫణి తలొంచుకుని, "పాడుచేసింది కూడా నేనే మావయ్యా" అన్నాడు. కనకరాజుగారు అందరికేసీ తిరిగి, "చూశారా, ఎంత వినయమో" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పంకాకు వాంతి చేసుకునే శక్తి ఉంటే ఆ పూటే చేసుకునేది.

ఊరెళ్లే ముందు ఫణి టీచరు దగ్గరికి వచ్చాడు. చేతులు కడుక్కునే వచ్చాడు.

"మళ్లీ ఎప్పుడో కొత్త వెర్షన్ వస్తదండీ. అప్పుడూ చెయ్యాలి."

"రానీ. ఈసారి తలుపు కొట్టి రమ్మను."

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మానిటర్ మీద వేళ్లతో తట్టింది.

"ఇది తీసుకెళ్లి మీ మావయ్య గదిలో పెట్టు. ఆయనకు చూసేవేవో ఉంటాయి."

ఫణి తీగలు విప్పి దాన్ని మోసుకెళ్లాడు. కనకరాజుగారు ఇప్పుడు దానిలో క్రికెట్ చూస్తారట. నా ముందు బల్ల ఖాళీగా ఉంది. అక్కడ ఆవిడ మంచినీళ్ల చెంబు పెట్టుకుంటుంది, నాకు దూరంగా.

ఇప్పుడు నన్ను బాగుచేస్తామంటూ ఎవరొచ్చినా, గడపలోనే నిలబడి, తెరేదండీ అని అడుగుతారు. ఎస్తేరు టీచరు కుర్చీ జరిపి, ముందు కూర్చుని వినమంటుంది. చాలామంది పనుందని వెళ్లిపోతారు. ఆవిడ తలుపు వేసుకుని, నా వేగం పెంచుకుని, మళ్లీ పనిలో పడుతుంది.