ఎడమవైపు రెక్క

గాలం క్లబ్బు గోడ మీద పంతొమ్మిది ఫొటోలున్నాయి. రికార్డు చేపను పట్టినవాళ్లు దాన్ని రెండు చేతులా అడ్డంగా ఎత్తి, ఫొటోలో దాని తల ఎడమవైపుకి ఉండేలా నిలబడాలి. అది ఆ క్లబ్బు ఆనవాయితీ. పద్దెనిమిది చేపలు బుద్ధిగా ఎడమవైపే చూస్తుంటాయి. ఒక్కటి మాత్రం కుడివైపు తిరిగి ఉంటుంది. అది క్లబ్బులో తూకం వేసే కాటా బాబాయిది. పది కిలోల తొమ్మిది వందల గ్రాములు. బోర్డు మీద అన్నిటికన్నా పైన ఉన్న పేరు ఆయనదే.

"మీ చేప మీ మీద అలిగినట్టుంది బాబాయ్!" అని బస్సు డ్రైవరు ఇరవై రెండేళ్లుగా అదే జోకు వేస్తున్నాడు. కాటా బాబాయి కూడా ఇరవై రెండేళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు. ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే, "ఎండ కళ్లలో కొడుతుంటే అటు తిప్పి పట్టుకున్నా" అంటాడు.

అబద్ధం. ఎండా లేదు, గిండా లేదు. ఆ చేపకి పొట్ట కింద ఎడమవైపు రెక్క లేదు. అది కనపడకూడదనే ఆయన చేపను అటు తిప్పాడు.

రెక్క లేకపోతే ఏమైందని అడుగుతారేమో, చెప్తాను. కాటా బాబాయి ఉద్యోగం చేసింది జలాశయం పక్కనున్న చేపపిల్లల కేంద్రంలో. ఆ నీళ్లలో నల్లవీపు చేప మొదటినుంచీ ఉంది. అది చాలదని కేంద్రంవాళ్లు ఎక్కడో దూరాన ఉన్న నదినుంచి అదే జాతి గుడ్లు తెప్పించి, తొట్లలో పొదిగించి, పిల్లల్ని జలాశయంలో వదిలేవారు. అవి తొందరగా పెరుగుతాయి. చూడ్డానికి మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి. రేపు ఎవరి వలలోనైనా పడితే మనం వదిలినదో కాదో తెలియాలిగా! అందుకని వదిలే ముందు ఒక్కో పిల్లకీ ఎడమవైపు రెక్క మొదలంటా కత్తిరించేవారు. ఆ కత్తెర పట్టింది కాటా బాబాయే. రోజుకి మూడొందల పిల్లలు, వేళ్లు కొంకర్లు పోయేదాకా.

అలాంటి మనిషి గాలానికి తన జన్మలోకెల్లా పెద్ద చేప పడింది. ఒడ్డుకు లాగి, పొట్ట కింద చెయ్యి పెట్టి చూస్తే ఎడమవైపు బోడి. తను తొట్టిలో మేత వేసి పెంచి, తన కత్తెరతో గుర్తు పెట్టిన చేపనే తను పట్టాడన్నమాట. తెలిస్తే డ్రైవరు ఊరుకుంటాడా? "పెరట్లో కోడిని పట్టుకుని వేటకెళ్లొచ్చానంటున్నాడు" అని చచ్చేదాకా ఏడిపిస్తాడు. అప్పటికి క్లబ్బులో ఫలానా చేప పనికిరాదన్న రూలేమీ లేదు. నిజం చెప్తే నాలుగు రోజులు నవ్వి వదిలేసేవాళ్లు. ఈ మహానుభావుడు చెప్పలేదు. చేపను అటు తిప్పి ఫొటో దిగాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆయనకో మరదలుంది, భార్యకి స్వయానా చెల్లెలు. బజారులో టైలరింగ్ షాపు. కళ్లజోడు ముక్కు మీదికి జారి, మెడలో టేపు వేలాడుతూ, ఎప్పుడూ ఏదో ఒకటి కుడుతూనే ఉంటుంది. ఆమెకు గాలం వెయ్యడం నేర్పింది కాటా బాబాయే. "ముందు ఎడమవైపు రెక్క తడిమి చూడాలి మరదలా, మనదో పరాయిదో అక్కడే తెలుస్తుంది" అని మొదటి రోజే చెప్పాడు. పెద్ద గొప్పగా చెప్పాడు కూడా.

ఆ ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఆమె గాలానికి చేప పడింది. ముప్పావుగంట పెనుగులాట. చీర కొంగు నడుముకు దోపి, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, "బావా, వల పట్టు! బావా, తెగుతుందేమో చూడు!" అని అరుస్తూనే ఒడ్డుకు చేర్చింది. తూకం వెయ్యడం కాటా బాబాయి పని. తడిపిన గుడ్డ ఉయ్యాలను కాటాకి తగిలించి, ముల్లు సున్నాకి తెచ్చి, అప్పుడు చేపను పడుకోబెట్టాడు. పదకొండు కిలోల నాలుగు వందలు.

ఒడ్డంతా కేకలు. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేసుకుంటోంది. కాటా బాబాయి మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద పైనున్న పేరు కిందికి దిగబోతోంది. చెయ్యి దానంతటదే చేప పొట్ట కిందికి వెళ్లింది. ఎడమవైపు బోడి. ప్రాణం లేచొచ్చింది ఆయనకి. ఆ క్షణంలో అంత సంతోషపడ్డందుకు తర్వాత ఎన్ని రాత్రులు తనను తాను తిట్టుకున్నాడో లెక్కలేదు.

"ఇది మన నీళ్ల చేప కాదు," అన్నాడు పెద్దగా. "బయటినుంచి తెచ్చి వదిలింది. దీన్ని రికార్డు కింద ఎలా రాస్తాం?"

చప్పట్లు ఆగిపోయాయి. ఆమె బావ వంక చూసింది. ఫొటో అయితే తీశారు. ఆమె చేప తల ఎడమవైపుకే పెట్టి, రెక్క లేని చోటు అందరికీ కనపడేలా పట్టుకుని నవ్వింది. తర్వాత దాన్ని నీళ్లలో వదిలేసింది.

మంగళవారం సాయంత్రం కమిటీ కూర్చుంది. ఐదుగురే. కాటా బాబాయి, టీచరుగారు, బస్సు డ్రైవరు, మంగలి షాపాయన, మందుల షాపాయన. మరదలు తలుపు దగ్గర బల్ల మీద కూర్చుని జాకెట్టుకి హుక్సులు కుడుతోంది.

"పుట్టుక ఎక్కడైతేనేమండీ?" అన్నారు టీచరుగారు. "పెరిగింది ఈ నీళ్లలో, తిన్నది ఈ తిండి. తప్పించుకు తిరిగింది మన గాలాల్నే."

"నా మాటా అదే. మేమూ ఇక్కడికి అద్దెకొచ్చినవాళ్లమే, ఓటెయ్యట్లేదా?" అన్నాడు డ్రైవరు.

"అది వేరు, ఇది వేరు. తొట్టిలో మేపి వదిలినదీ, వరదకి ఎదురీది బతికినదీ ఒకటెలా అవుతాయి? ఇవాళ దీన్ని ఒప్పుకుంటే రేపు లారీలో తెచ్చి వదిలి, సాయంత్రానికి పట్టుకుని రికార్డంటారు. అసలు మన నీళ్లలో పుట్టినవాటికి విలువేముంటుంది?" కాటా బాబాయి మాట్లాడుతుంటే ఆయనకే ముచ్చటేసింది, అంత బాగా కుదిరాయి మాటలు. నిజానికి అందులో న్యాయం లేకపోలేదు. ఆ న్యాయం చెప్పే అర్హత లేనిది ఆ గదిలో ఆయనకొక్కడికే.

మంగలాయన, మందులాయన ఆయనవైపు తిరిగారు. ఇద్దరటు, ఇద్దరిటు. మిగిలింది ఆయన ఓటు. తన చేపకీ ఇంకొకరి చేపకీ మధ్య తగువులో తను ఓటెయ్యకూడదు. ఆ మాత్రం ఇంగితం ఎవరికైనా ఉంటుంది. ఆయన చెయ్యెత్తాడు.

ఈ నీళ్లలో పుట్టిన చేపలకే రికార్డు అని పుస్తకంలో రాసుకున్నారు. మరదలు దారం పంటితో కొరికి, జాకెట్టు మడత పెట్టింది. "సరే బావా, నీ మాటే," అని లేచింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆ "సరే" కాటా బాబాయికి అన్నం తింటుంటే గొంతుకు అడ్డంపడింది. మర్నాడూ పడింది.

గురువారం ఇక ఆగలేక ఆమె షాపుకెళ్లాడు. ఆమె మిషను దగ్గరుంది. ఆయన స్టూలు మీద కూర్చుని, గుండీల డబ్బాలో వేళ్లు పెట్టి కెలికాడు.

"ఏంటి బావా, చొక్కాకి గుండీ ఊడిందా?"

"నా చేపకి కూడా ఎడమ రెక్క లేదు," అన్నాడు.

మిషను ఆగలేదు. "తెలుసు," అందామె.

"తెలుసా!"

"ఎండ కళ్లలో కొట్టిందన్నావు. ఫొటోలో నీ నీడేమో నీ ముందుకు పడింది. ఎండ నీ వీపునుంటే కళ్లలో ఎలా కొడుతుంది బావా? పైగా రెక్క సంగతి నేర్పిందీ నువ్వే. మూడేళ్లయింది నాకు తెలిసి." అప్పుడు ఆపింది మిషను. "చెయ్యెత్తేముందు చెప్తావనుకున్నా. ఆఖర్న కూడా చెప్తావనే అనుకున్నా."

కాటా బాబాయికి తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే బాగుండేది. "మరి నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాడు పిచ్చిగా.

"అక్క మొహం చూసి. అయినా నీ సంగతి నేను చెప్పడమేంటి?"

ఆదివారం క్లబ్బులో అందరూ ఉన్నప్పుడు ఆయన చెప్పాడు. బల్ల పట్టుకుని, నేలకేసి చూస్తూ, రెక్కా, ఫొటో, ఓటూ, అన్నీ చెప్పాడు. డ్రైవరు ఏదో ఒక జోకు వేస్తాడని ఎదురుచూశాడు. వేస్తే కాస్త ఊపిరాడేది. డ్రైవరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"పోనీలెండి, పెద్దవారు," అన్నారు టీచరుగారు. ఆ మంచితనం ఇంకా కాల్చింది.

"ఆ రూలు కొట్టేద్దాం. రికార్డు ఆమెది," అన్నాడు కాటా బాబాయి.

"వద్దు," అంది మరదలు. "నీ పేరు కోసం ఒకసారి రూలు పెట్టారు. ఇప్పుడు నీ సిగ్గు కోసం మళ్లీ తీసెయ్యాలా? ఉండనీండి."

బోర్డు మీద ఆయన పేరు కొట్టేశారు. టీచరుగారి పేరు పైకొచ్చింది, ఎనిమిది కిలోల రెండు వందలతో. ఆయన ఇబ్బందిగా దగ్గారు.

తూకం పని మాత్రం ఎవరూ తీసెయ్యలేదు. తీసేస్తే బాగుండునని ఆయనకే అనిపించేది. రెండు వారాలకి మరదలి గాలానికి మళ్లీ ఓ మంచి చేప పడింది, తొమ్మిది కిలోలు దాటేలా ఉంది. కాటా బాబాయి గబగబా గుడ్డ తడిపాడు, ముల్లు సున్నాకి తెచ్చాడు, చేపను పడుకోబెట్టాడు. అలవాటు కొద్దీ ఎడమ రెక్క కోసం చెయ్యి చాపాడు.

ఆమె తడి చెయ్యి ఆయన మణికట్టు మీద పడింది. మెత్తగానే పడింది.

"నువ్వుండు బావా," అంది. తర్వాత వెనక్కి తిరిగి, "టీచరుగారూ, ఒకసారి మీరొచ్చి చూస్తారా?" అని పిలిచింది.

కాటా బాబాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. టీచరుగారు వచ్చేదాకా గుడ్డ అంచు పట్టుకుని నిలబడ్డాడు.