ఇద్దరు లాజర్లు

కుక్కర్ మూడో విజిల్ వేసింది. పేర్ల లెక్క ముప్పై రెండు రావాలి, ముప్పై ఒకటే వస్తోంది.

ల్యాప్‌టాప్‌ను పోపుల డబ్బా పక్కన పెట్టుకుని మళ్ళీ నడిపాను. ఏడో తరగతి పిల్లల పేర్లను డిక్షనరీ అనే పట్టికలో ఎక్కించి లెక్కపెట్టే చిన్న పైథాన్ ప్రోగ్రాం. పది గంటలకు హెడ్‌మిస్ట్రెస్ తెరేసమ్మగారికి చూపించాలి. నేను చెప్పే తెలుగు పోస్టు ఎత్తేశారు. ఈ కంప్యూటర్ పీరియడ్లు కూడా కొత్తగా వచ్చిన జయంత్‌కి వెళ్ళిపోతే నేనిక గుణదలలో ఈ ఇంట్లోనే ఉండిపోవాలి.

మా అమ్మాయి వినీల బతికి ఉంటే ఇదే తరగతి.

"ఇంకెవరి కోసమమ్మాయ్ ఈ పరుగులు?" అని నలభయ్యో రోజు ప్రార్థన అయిన మర్నాడే అత్తయ్య అడిగింది. ఏడు నెలలైంది. నేను పరుగు ఆపలేదు.

"ఏమోయ్, కాఫీ కూడా ఆ పెట్టెలోంచే వస్తుందా?" హాల్లోంచి మా ఆయన.

కాఫీ ఇచ్చి వచ్చాను. తప్పు చూపించే ఎర్ర అక్షరాలు వచ్చినా నయమే. ప్రోగ్రాం తప్పని చెప్పదు, ఒక పిల్లను మాత్రం ఉంచదు. జాబితాలోని పేర్లను ఒక సెట్‌గా, డిక్షనరీలో ఉన్న పేర్లను ఇంకో సెట్‌గా చేసి, మొదటి దాంట్లోంచి రెండోదాన్ని తీసేయించాను. ఒక్క పేరు మిగిలింది. స్టెల్లా.

కంకిపాడు నుంచి బస్సులో వచ్చే పిల్ల. తండ్రి లాజరు. అదే తరగతిలోని కృప తండ్రి కూడా లాజరే, వేరే లాజరు. ఇరవై ఏళ్ళుగా రిజిస్టర్లు రాసిన అలవాటు కొద్దీ తండ్రి పేరు పెట్టి, దాని కింద కూతుర్ని రాశాను. డిక్షనరీ ఒక పేరు కింద ఒక్కరినే ఉంచుకుంటుంది. రెండో లాజరు కూతురు రాగానే మొదటి లాజరు కూతురు చెరిగిపోయింది.

తండ్రుల పేర్లు తీసేసి ఎవరి అడ్మిషన్ నంబరు వారికి పెట్టాను. ముప్పై రెండు.

బడిలో తెరేసమ్మగారు స్క్రీన్ వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేశారు.

"బాగానే చేశారు. కానీ మీవారు పొద్దున్నే ఫోన్ చేశారమ్మా. మీకు ఒంట్లో బాగుండట్లేదని, ఈ నెలాఖరుకి మానేస్తున్నారని చెప్పారు. జయంత్‌తో మాట్లాడేశాను కూడా."

పొద్దున కాఫీ గ్లాసు అందుకుంటూ మా ఆయన నా ముఖం చూడలేదు. అప్పటికే ఫోన్ చేసేశారన్నమాట.

"నన్నడక్కుండా చెప్పారు మేడమ్," అన్నాను. "నేను మానట్లేదు. జయంత్‌గారికి ఆ మాట నేనే చెప్తాను."