మడుగు మీద పొగ

అదేలా పాస్తుషెక్ పొద్దున బడికి బయల్దేరుతూ ముందు మడుగు వైపు చూసేది. ఆ వీధిలో అందరికీ అదే అలవాటు. ఒకప్పుడు అక్కడ దోలిని ఊరి కింది వీధి ఉండేది. దాని అడుగున బొగ్గు తవ్వుకుంటూ పోయారు. నేల కుంగింది. జనాన్ని పట్నంలో కొత్త ఫ్లాట్లకి తరలించారు, వెనకాలే ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, కప్పులతో సహా అన్నీ మునిగిపోయాయి. అయినా తెల్లారేసరికి ఏ ఇంటి పొగగొట్టం ఎక్కడుండేదో సరిగ్గా అక్కడ నీళ్లలోంచి పొగ లేచేది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు వాసన పట్టి, ఇవాళ కింద క్యాబేజీ ఉడుకుతోందనేవాళ్లు. ఫలానా ఇంట్లో ఆలస్యంగా లేచినట్టున్నారని నవ్వుకునేవాళ్లు. అంతకు మించి ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

అదేలా వాళ్లమ్మ జుజన్నా ఇల్లు కూడా ఆ మడుగులోనే ఉంది. ఇల్లు మునగక ముందే ఆవిడ పోయింది. ఆవిడ పొగ ఒడ్డుకి దగ్గర్లో సన్నగా, కాస్త నీలంగా లేచేది. అది కనబడితేనే అదేలాకి కాళ్లు ముందుకు పడేవి.

దిగులంతా బడి గురించే. దేశం చెక్‌వాళ్లది, దోలినిలో చాలామంది ఇంటిభాష పోలిష్; ఊళ్లో పోలిష్ బడి అదొక్కటే. అదేలా చిన్నప్పుడు చదువుకున్నదీ అక్కడే. ఇప్పుడు ఒకే గదిలో ఐదు తరగతులకీ తనే టీచరు. పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఇంత తక్కువమందికి వేరే బడెందుకు, పట్నంలో చెక్ బడి ఉందిగా, వీళ్లకా భాషా వచ్చుగా అని జిల్లా ఆఫీసులో ఎప్పుడూ ఉండే మాటే. ఇన్నాళ్లూ మూసెయ్యడానికి సాకు దొరక్క ఊరుకున్నారు. పోయిన వసంతంలో ఆ సాకు బడిగోడలోనే పుట్టింది. మడుగు వైపు గోడ నిలువునా బీటవారింది.

అదేలా ఎవరికీ చెప్పలేదు. బీట మీద అడ్డంగా సన్నటి కాగితం ముక్కలు అంటించింది, నేల కదిలితే తెలుస్తుందని. నాలుగు రోజులకే అవి చిరిగిపోయాయి. మళ్లీ అంటించింది. అవీ చిరిగాయి. తలుపు ఒకసారి మూసుకుంటే భుజం పెట్టి నెడితే తప్ప తెరుచుకునేది కాదు. పిల్లల పెన్సిళ్లు ఎక్కడ పెట్టినా మడుగు వైపే దొర్లేవి. వాళ్లు దాన్ని కూడా ఆట చేసుకున్నారు. ఎవరి పెన్సిలు ముందు గోడకి కొట్టుకుంటే వాళ్లు గెలిచినట్టు.

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసిన రోజున దేశపటం తీసుకెళ్లి బీట మీద వేలాడదీసింది. పటం చాలక దాని ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి పాట పాడించింది. ఆయన పాట బాగుందన్నాడు, పిల్లల బుగ్గలు నిమిరి వెళ్లిపోయాడు.

ఆదివారం కారోల్ జెబ్రోక్ సున్నం, ఇసుక తెచ్చి బీట పూడ్చాడు. అతను గని కార్మికుడు, తల్లిదండ్రుల సంఘానికి పెద్ద. అదేలాతో ఆ బడిలోనే చదువుకున్నాడు. అతని కూతురు లుత్సీనా ఇప్పుడు మూడో తరగతి.

"దీని కింద తవ్వేది మీరే కదా," అంది అదేలా బకెట్టు అందిస్తూ.

"మేమే. నా షిఫ్టే."

"ఎంతవరకూ వస్తారు?"

"ఎంత లోతున ఉన్నామో నాకు తెలుసు. పైన ఏమవుతుందో తెలిసిన ఇంజినీరు నాకు చెప్పడు."

"చెబితే ఆపేస్తావా?"

కారోల్ తాపీతో గోడ నున్నగా దిద్దాడు. "నేనాపితే ఇంకొకడు తవ్వుతాడు. ఈ బీట వాళ్ల కంటబడిందంటే మర్నాడే తలుపుకి చెక్కలు కొడతారు. మా నాన్న ఈ బెంచీల మీద కూర్చున్నాడు, నేను కూర్చున్నాను. నా కూతురు ఇంటికొచ్చి నాతో చెక్‌లో మాట్లాడే రోజు నేను చూడను. ఆ సున్నం ఇటివ్వు."

ఇచ్చింది. బడి పోగొట్టిన టీచరని పేరు రావడం తనకీ ఇష్టం లేదు.

సెలవులయ్యాయి. సెప్టెంబరులో ఇంకా ఎండ కాస్తున్న రోజుల్లోనే ఒక పొద్దున అదేలా ఇంట్లోంచి బయటికొచ్చి మడుగు వైపు చూస్తే వాళ్లమ్మ పొగ లేదు. మిగతా ఇళ్ల పొగలన్నీ మామూలుగానే ఉన్నాయి. ఒడ్డు దగ్గర మాత్రం నీళ్లు ఖాళీగా ఉన్నాయి. కాసేపు ఆగి చూసింది. రాలేదు. బడి వైపు నడిచింది.

దూరం నుంచే కనబడింది. బడి పొగగొట్టంలోంచి సన్నగా, కాస్త నీలంగా పొగ లేస్తోంది.

పొయ్యి చూసుకునే ముసలమ్మ హెర్మినా మెట్టు మీద కూర్చుని ఉంది. ఆవిడకి అదేలా గౌను తొడుక్కోవడం రానప్పటినుంచీ తెలుసు.

"నేను ముట్టించలేదమ్మాయ్," అంది అడక్కముందే. "బొగ్గు ఇంకా రానేలేదు. పొయ్యి మీద చెయ్యేసి చూశాను, మంచుముక్కలా ఉంది."

తడిసిన బొగ్గు వాసన, నాచు వాసన వాకిలంతా కమ్ముకుంది. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు తలెత్తి ఒకసారి పొగగొట్టం వైపు చూసి, వెంటనే వంగి పిల్లల కాలర్లు సర్దడం మొదలుపెట్టారు. అయినా ఎవరూ ఇంటికి వెళ్లలేదు. మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి కారోల్ కూడా లుత్సీనా చెయ్యి పట్టుకుని వచ్చాడు. చూశాడు.

"గాలి ఇటు తిరిగింది, అంతే," అన్నాడు.

"గాలే లేదు కారోల్. అది మా అమ్మ పొగ."

"అయితే?"

అయితే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. ఆ పొగ మునిగిన ఇళ్ల మీద తప్ప ఇంకెక్కడా లేవదు. అదేలా తలుపుని భుజంతో నెట్టి తెరిచి, పక్కకి జరిగి నిలబడింది.

"లుత్సీనాని నువ్వే లోపలికి తీసుకెళ్లు. నీ చేత్తో బెంచీలో కూర్చోబెట్టి రా. నువ్వు కూర్చోబెడితే నేను పాఠం మొదలుపెడతాను."

కారోల్ కూతురితో గడప దాకా వెళ్లాడు. అక్కడే నిలబడిపోయాడు. లుత్సీనా ఒక కాలు లోపల పెట్టి, నాన్న ఎందుకు రావడంలేదా అని వెనక్కి చూసింది. అతను ఆ పిల్లని తనవైపు లాక్కున్నాడు.

"ఇవాళ మూస్తే మళ్లీ తెరవరు," అన్నాడు అదేలా మొహం చూడకుండా.

"తెలుసు."

ఆమె పోస్టాఫీసుకి వెళ్లి జిల్లా ఆఫీసుకి ఫోను చేసింది. గోడ ఎప్పటినుంచి అలా ఉందని అడిగారు. వసంతం నుంచి అని చెప్పింది. మరి ఇన్‌స్పెక్టరు చూడలేదా అన్నారు. పటం అడ్డం పెట్టానని చెప్పింది. మర్నాడే మనుషులొచ్చి తలుపుకి చెక్కలు కొట్టారు.

ఆమె ఉద్యోగం సంగతి విచారణ అయ్యాక చూస్తామన్నారు. అప్పటిదాకా ఆమె పాఠాలు చెప్పడానికి పట్నంలో చెక్ బడివాళ్లు పై అంతస్తులో ఒక చిన్న గది ఇచ్చారు. సగంమంది తల్లిదండ్రులు, ఎలాగూ ఇక్కడిదాకా వచ్చాం, ఇంకా ఈ పంతమెందుకని పిల్లల్ని కింద చెక్ తరగతుల్లో చేర్పించేశారు. మిగిలిన పిల్లలు రెండు వరసల బెంచీలకి సరిపోయారు. ఊళ్లో కొట్టామె అదేలాకి అందరి తర్వాత సరుకులిచ్చేది. పొగ చూసి బడి మూయించిందట అని ఆమె వినేలాగే అనేది, తను కూడా రోజూ అదే పొగ చూసి పాలు కాచుకునే మనిషే అయినా. లుత్సీనాని పంపడం మానలేదు గానీ, కారోల్ ఎదురైతే రోడ్డు దాటి అటు వెళ్లిపోయేవాడు.

బడి మాత్రం అలాగే నిలబడింది. ఒక్క పెంకు జారలేదు. చెక్కలు కొట్టిన రోజునుంచీ దాని మీద పొగా లేదు, మడుగు ఒడ్డునా లేదు. అదేలా బస్సులోంచి రోజూ చూసేది. కూలిపోతే బావుండునని ఒకరోజు మనసులో అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే భయమేసి, దిగాల్సిన చోట దిగడం మర్చిపోయింది. అమ్మ పొగని తను తప్పుగా అర్థం చేసుకుందేమో. నీళ్లలో చలేసి ఆవిడ పొడిగా ఉన్న పొగగొట్టం వెతుక్కుందేమో, అంతేనేమో. అర్థంకాని దానికోసం తన చేత్తోనే బడి ఇచ్చేసింది. పడుకుంటే ఇదే, లేస్తే ఇదే.

నవంబరులో ఒక పొద్దున ఎక్కాలు చెప్పిస్తోంది. కిటికీ అద్దాలు కాసేపు గలగలమన్నాయి. గనుల వల్ల ఆ జిల్లాలో అది మామూలే, పిల్లలు తలెత్తనైనా లేదు. ఆమె కూడా పాఠం ఆపలేదు.

గంట గడిచాక మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. కారోల్. షిఫ్టు మధ్యలో వచ్చేసినట్టున్నాడు, మొహం నిండా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. అతని వెనకాలే చెక్ బడి పెద్దటీచరు వచ్చి, ఆ బూట్లతో లోపలికి రాకూడదండీ అంటోంది. అతనికి వినబడినట్టు లేదు. బెంచీల వెంట చూపు పరిగెత్తించి రెండో వరసలో లుత్సీనా దగ్గర ఆగాడు. తండ్రి అవతారం చూసి ఆ పిల్ల సిగ్గుతో తల దించుకుంది.

"మన బడి కప్పు మొత్తం దిగింది," అన్నాడు అదేలాతో. "బెంచీల మీదికే. పిల్లలు కూర్చునే వేళకే. కింద మాకు వినబడింది."

అదేలా చేతిలో చాక్‌పీసు ఎప్పుడు విరిగిందో ఆమెకి తెలీదు.

"కూర్చో," అంది.

అతను వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాడు. మోకాళ్లు లోపల పట్టలేదు, పక్కకి చాపుకున్నాడు. పెద్దటీచరు ఇద్దరివైపూ చూసి, ఇంకేం అనకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

"ఏడెనిమిదులు?" అని అడిగింది అదేలా.

ఎవరూ చెప్పలేదు. పిల్లలందరూ వెనక్కి తిరిగి నల్లటి మనిషిని చూస్తున్నారు. ఆమె మళ్లీ అడిగింది. అప్పుడు కారోల్ బడిపిల్లాడిలా చెయ్యెత్తి, పోలిష్‌లో చెప్పాడు.

"యాభై ఆరు."

పిల్లలు పగలబడి నవ్వారు. లుత్సీనా కూడా నవ్వింది. అదేలా బోర్డు వైపు తిరిగి యాభై ఆరు రాసింది, రాసిన తర్వాత కూడా చాలాసేపు అటే తిరిగి నిలబడింది.