లేటర్ అనే ఇంటిపేరు

పిల్లలు బడికి అలవాటు పడేదాకా అని మానేసిన ఉద్యోగాన్ని, వాళ్లు కాలేజీకి కూడా అలవాటు పడ్డాక మళ్లీ మొదలుపెట్టింది చిన్నకోడలు. ఆఫీసువాళ్లు ముందు కొన్నాళ్లు చేసి చూపించమన్నారు. ఆ గడువు ఈ సాయంత్రంతో సరి. ఖాయం చేస్తారో సాగనంపుతారో టీం లీడ్ సంతకంలో ఉంది.

"ఇంతకీ ఏం చేసి చూపించాలే?" అంది అత్తగారు గ్లాసులు కడుగుతూ.

"కోడు కొత్త పద్ధతిలో రాశారత్తయ్యా. దాన్ని పరీక్షించే సాధనానికి పాత పద్ధతే తెలుసు. మధ్యలో ట్రాన్స్‌పైలర్ అని ఒకటుండి, కొత్తదాన్ని పాతదిగా మార్చి అందిస్తుంది. ఎలా మార్చాలో దానికి నేను చెప్పిపెట్టాలి."

"ఓస్, అంతేనా. నా మాట మీ మామగారికి అందించడానికి మీ ఆడపడుచు లేదూ, దానికి మాటలొచ్చినప్పట్నుంచీ?"

"మార్చి అందిస్తుందా, పెంచి అందిస్తుందా?"

"అది మీ మామగారిని అడుగు. మీ ఆడపడుచుతోనే అడిగించు."

ఆఫీసులో చిన్నకోడలిని అందరూ వదినగారంటారు, లీడ్‌తో సహా. లీడ్‌ను మాత్రం వెనకాల పచ్చదీపం అంటారు. పరీక్షలన్నీ నెగ్గితే తెర మీద పచ్చరంగు వస్తుంది. అది కంటపడితేగానీ ఆయనకు కాఫీ గొంతు దిగదు. వాళ్లు తయారుచేసేది క్లినిక్కుల్లో టోకెన్ల వరస చూసుకునే ప్రోగ్రాం. వదినగారికిచ్చిన పని ఒక్క పరీక్ష ఫైలు నడిచేలా చేయడం. అది మొదటి లైన్లో, వేరే ఫైళ్లను తెచ్చుకునే ఇంపోర్ట్ అన్న కొత్త పద్ధతి మాట దగ్గరే మొరాయిస్తోంది.

సెట్టింగులు తెరిచి చూసింది. ట్రాన్స్‌పైలర్ ఉంది, పనీ చేస్తోంది. కాకపోతే ఇంపోర్టుల జోలికి పోవద్దని ఎవరో ఎప్పుడో దానికి చెప్పిపెట్టారు. బ్రౌజర్‌కి వెళ్లే దారిలో ఆ పని చూసుకోవడానికి ఇంకో సాధనం ఉంది కాబట్టి అక్కడ అది సబబే. పరీక్షల దారిలో ఆ రెండోది లేదు. పరీక్షలప్పుడు మాత్రం ఇంపోర్టులనూ మార్చమని వదినగారు విడిగా రాసింది. నడిపితే మళ్లీ అదే మొరాయింపు. రాసింది చెరిపి, మళ్లీ అచ్చంగా అదే రాసింది. తప్పు దొరకనప్పుడు మనిషి చేసే పని అదే. చివరికి తట్టింది, సాధనం ఇదివరకు దాచుకున్న పాత ముక్కనే తీసి వడ్డిస్తోందని. దాచుకున్నది తుడిచేసి నడిపితే పచ్చరంగు వచ్చింది.

అక్కడితో లేచి కాఫీకి వెళ్లినా అడిగేవాళ్లు లేరు. కానీ పక్కనే ఫైళ్లు బారులు తీరి ఉన్నాయి, అన్నిటి పేర్ల చివరా 'లేటర్' అని.

"వీటన్నిటికీ ఒకటే ఇంటిపేరేమిటమ్మా?" అని పక్కసీటు పిల్లను అడిగింది.

"మొరాయించిన ఫైలుకి అలా తగిలిస్తాం వదినగారూ. అప్పుడు సాధనం దాన్ని లెక్కలోకి తీసుకోదు."

"మళ్లీ ఎప్పుడు చూస్తారు?"

"తర్వాత."

వదినగారు ఆ ఇంటిపేరు అన్నిటికీ తీసేసి నడిపింది. ఈసారి సాధనం ఫైళ్లన్నీ చదవడమైతే చదివింది. తెర మాత్రం ఎర్రబడింది.

లీడ్ వచ్చి నిలబడ్డాడు. "పొద్దున పచ్చగానే ఉందిగా, వదినగారూ."

"పొద్దున వీటిని చదవలేదండీ."

"మీకిచ్చింది ఒక్కటే కదా."

"అది పచ్చగానే ఉంది. కింద చూడండి, ఎర్రవాటి సందున."

లీడ్ గొంతు తగ్గించాడు. "సాయంత్రం క్లినిక్ వాళ్లు చూడ్డానికొస్తున్నారు. ఇవాళ్టికి ఆ పేర్లు మళ్లీ తగిలించేయండి. వాళ్లటు వెళ్లగానే మీ కాగితం మీద సంతకం పెట్టేస్తాను."

కాఫీ చల్లారేలోపు అయిపోయే పని. తగిలిస్తే ఉద్యోగం ఖాయం. వదినగారి చెయ్యి కీబోర్డు మీదికి వెళ్లింది కూడా. వెళ్లి ఊరికే ఉంది.

"ఎవరు మార్చారో పేరుతో సహా నమోదవుతుంది కదండీ. పెద్దవారు, మీ చేత్తో కానివ్వండి" అని లేచి కుర్చీ ఆయన వైపు జరిపింది.

ఆయన కూర్చున్నాడు. కాళ్లు పొడుగేమో, కుర్చీ ఎత్తు పెంచుకున్నాడు. పేరు మార్చబోతూ పైనున్న ఎర్రవాక్యం చదివాడు. ఒకరు టోకెన్ రద్దు చేసుకుంటే ఆ తర్వాతివాళ్లను పిలవడం లేదని దాని సారాంశం.

"ఇది నిజంగా జరుగుతుందా?"

వదినగారు వంగి ప్రోగ్రాం నడిపి చూపించింది. ఏడో టోకెన్ రద్దు చేసింది. తెర ఆరు తర్వాత తొమ్మిదిని పిలిచింది.

"అయితే ఎనిమిదో మనిషి?"

"కూర్చునే ఉంటాడండీ."

లీడ్ లేచి ఫోను తీసుకుని వరండాలోకి వెళ్లాడు. ఇవాళ రావద్దని, పని మిగిలి ఉందని క్లినిక్ వాళ్లకు చెప్పడం లోపలికి వినిపించింది. తిరిగొచ్చి, "మీ కాగితం మీద సంతకం కూడా ఈ ఎర్రవన్నీ పోయాకే, వదినగారూ. అందాకా గడువు పొడిగించినట్టే" అన్నాడు కొంచెం కటువుగా.

"అలాగేనండీ."

ఆయన వెళ్లాక వదినగారు కూర్చుంది. కాళ్లు నేలకు ఆనలేదు. కుర్చీని తనకు సరిపడా దించుకుని, ఎనిమిదో మనిషి సంగతి మొదలుపెట్టింది.