హాజరు పట్టీలో అక్క వరస

ఆదివారం పొద్దున్నే ఫొటోలాయన స్టూడియో తలుపు సగం దించి, బల్లమీద రెండు లెన్సులు పెట్టుకుని మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. మిగతా ఆరు రోజులూ అదే గదిలో "గడ్డం కొంచెం పైకి, రెప్ప వెయ్యకండి" అంటూ పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాడు. ఏడోరోజు ఎవరి గడ్డంతోనూ ఆయనకి పనిలేదు. ఆరోజు బళ్ళు వెతుక్కుంటూ వెళతాడు. ఇప్పటి మేడల బళ్ళు కావు. పల్లెల్లో వెనకటి ఒంటిగది బళ్ళు. ఒక తలుపు, రెండు కిటికీలు, ఒక నల్లబల్ల. అయిదు తరగతులకీ కలిపి ఒకే ఒక్క పంతులు.

స్కూటరు వెనక ఆయన అక్క కూర్చుంటుంది. ఒళ్ళో మూడుకాళ్ళ స్టాండు, భుజాన తిండి డబ్బా. అక్క అదే వీధిలో కుట్టుకొట్టులో గుడ్డలు కత్తిరిస్తుంది. కత్తెర పట్టి నలభై ఏళ్ళయింది. ఆమెకి చదువు రాదు. మనిషికొక దారం తీసుకుని, ఛాతీ దగ్గర ఒక ముడి, నడుము దగ్గర రెండు, చెయ్యి పొడవు దగ్గర మూడు వేసుకుంటుంది. గోడ నిండా మేకులకి వేలాడే ఆ దారాల్లో ఏది ఎవరిదో ఆమె వేళ్ళకి తెలుసు. చూసినవాళ్ళు అదేదో గొప్ప పనితనం అనుకుంటారు. పనితనమే, కాదనను. అక్షరాలు రాక చేసిన పనితనం అని తమ్ముడికి తప్ప ఎవరికీ తెలీదు.

ఆ బళ్ళని వెతకడం అంత తేలిక కాదు, అవి ఒకచోట ఉండవు గదా. హాజరు పట్టీలో పేరుండి, బడికి రాకుండా పోయినవాళ్ళు ఎటుంటే అటు నడుస్తాయి. ఏడాదికి పదో ఇరవయ్యో అడుగులు, పునాదితో సహా.

"బడి ఎటండీ?" అని ఫొటోలాయన స్కూటరు ఆపి అడుగుతాడు.

"పోయిన వానల దాకా ఆ వాగవతల ఉండేదయ్యా. ఇప్పుడు మా మొక్కజొన్నలోకొచ్చి కూచుంది. రెండు సాళ్ళు తొక్కేసింది," అంటాడు చేలో మనిషి. "ఏమంటాం? మా చిన్నాన్న కోసమేగా వస్తోంది."

"ఆయనేమంటున్నాడు?"

"ఏమంటాడూ, గడ్డం గీయించుకుని పలక కడుక్కుని కూచున్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి, నిన్నట్నించీ ఆకలి లేదంటున్నాడు."

అలా ముప్పై తొమ్మిది బళ్ళకి ఫొటోలు తీశాడు. అన్నీ స్టూడియో గోడమీద వరసగా ఉన్నాయి. ఇంటి గుమ్మం ముందు ఒదిగి కూర్చున్నది ఒకటి, రోడ్డు దాటడానికి లారీలు పోయేదాకా ఆగినది ఒకటి. వాళ్ళిద్దరూ చిన్నప్పుడు చేరిన బడి మాత్రం ఆ గోడమీద లేదు.

ఒక శుక్రవారం కుట్టుకొట్టు యజమానురాలు కత్తెర కింద పెట్టి, "నా కళ్ళు ఇక సూదిని పట్టుకోవడం లేదు," అంది. "కొట్టు నువ్వు నడుపు. ఆర్డర్ల పుస్తకం, కొలతల పుస్తకం నీ చేతికిచ్చేస్తా. ఒకటే మాట, పుస్తకం నువ్వే రాయాలి. వచ్చే సోమవారం కాక ఆపై సోమవారానికి చెప్పు. కాదంటే ఎదురు కొట్టావిడ అడుగుతోంది, ఆవిడకిచ్చేస్తా."

"ఆలోచించుకుంటా వదినా," అంది అక్క. ఆలోచించడానికేముంది. కావాలని ఆమెకి ఎంత ఉందంటే, ఆ సాయంత్రం ఖాళీ కొట్టులో యజమానురాలి కుర్చీలో కాసేపు కూర్చుని చూసుకుంది. ఆ తర్వాత లేచి కుర్చీ తుడిచింది.

ఆదివారం స్కూటరెక్కుతూ తమ్ముడితో చెప్పింది.

"కాదని చెప్పేస్తాలే. ఎదురు కొట్టావిడ కింద పని, అంతే కదా. ఆవిడకి నా దారాలు చూస్తే నవ్వు."

ఫొటోలాయన స్టాండు ఆమె ఒళ్ళోకి అందించాడు.

"ఒరేయ్, ఒకటడుగుతా. అందరి బళ్ళూ వస్తున్నాయి. డెబ్భై రెండేళ్ళాయనకి వచ్చింది. నేను మొత్తం తొమ్మిదిరోజులు వెళ్ళాను. చంటి చెల్లిని ఎత్తుకోడానికి ఇంట్లో ఉండిపోయాను. మరి మన బడి నాకోసం ఎందుకు రాలేదంటావు? నన్ను మర్చిపోయిందా?"

ఫొటోలాయన స్కూటరు స్టార్ట్ చేయబోయి ఆపాడు. మళ్ళీ స్టార్ట్ చేశాడు. మామూలుగా కుడికి తిరిగే చోట ఎడమకి తిరిగాడు.

వాళ్ళ బడి ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఒక్క అంగుళం జరగలేదు. తాళాలాయన గుమ్మంలో కూర్చుని చీపురు బిగించుకుంటున్నాడు. పంతుళ్ళందరూ పోయాక కూడా రోజూ తలుపు తీసి, ఊడ్చి, సాయంత్రం తాళం వేసే ముసలాయన.

"రండి రండి. ఫొటోకా? తియ్యి నాయనా. ఇది కదిలి ఫొటో చెడగొట్టే రకం కాదు," అన్నాడు. "చుట్టుపక్కల బళ్ళన్నీ ఎక్కడెక్కడికో పోయాయి. ఇది మాత్రం గేదెలా కూచుంది. కదలమంటే ఎందుక్కదులుతుంది? దీని పట్టీలో రానివాళ్ళే లేరు."

"లేకపోవడమేంటి బాబాయ్? నేను లేనూ?" అంది అక్క.

తాళాలాయన పెట్టె తెరిచి హాజరు పట్టీ తెచ్చాడు. పేజీలు తిప్పి వేలు పెట్టాడు. అక్కకి పేరు చదవడం రాదు గానీ, ఆ పేరు పక్కన చివరిదాకా పోయిన వరస చూడటం వచ్చు. సన్నటి టిక్కులు, రెండేళ్ళపాటు, ఎక్కడా ఖాళీ లేకుండా, కుట్టుమిషను కుట్టులా.

"ఇదెవరి వరస?"

"నీదేనమ్మా."

అక్క తమ్ముడివైపు చూసింది. ఆయన లెన్సు తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"నేనే అక్కా," అన్నాడు చివరికి. "పంతులు నీ పేరు పిలిస్తే, వెనక బెంచీలో తల దించుకుని గొంతు సన్నం చేసి నేనే పలికేవాణ్ణి. ఆయనకి చూపు ఆనదు గదా. నువ్వు రాలేదంటే ఇంటికొస్తానన్నాడు. వస్తే నాన్న నిన్ను అరుస్తాడని... మొదట అందుకే. తర్వాత సరదా అయిపోయింది. ఇద్దరు మనుషుల్లా ఉండేవాణ్ణి. బళ్ళు ఇలా నడుస్తాయని నాకప్పుడు తెలీదు. తెలిశాక చెప్పడానికి నోరు రాలేదు."

అక్క చాలాసేపు ఆ టిక్కులమీదే వేలు నడిపింది.

"అంటే యాభై ఏళ్ళు నేను రాలేదని ఎవరికీ తెలీదన్నమాట," అంది. "నేను గుమ్మంలో చిన్నదాన్ని చంకనేసుకుని ఈ దారి చూస్తూ ఉండేదాన్ని, తెలుసా?"

"తెలుసు."

"తెలుసట." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏదీ, ఒకసారి పలుకు. నా గొంతు ఎలా పెట్టేవాడివో చూస్తా."

ఆయన పలికాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, తల దించుకుని, సన్నగా, "వచ్చానండీ" అన్నాడు.

"మేకపిల్లలా ఉంది. నా గొంతు అదా, దొంగ సచ్చినోడా?" అంది అక్క. నవ్వొచ్చేసింది, ఏడుపుతో పాటే.

ఫొటోలాయన పెన్సిలు తీశాడు, టిక్కులు కొట్టేద్దామని. తాళాలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొట్టేస్తే దానికెలా తెలుస్తుంది నాయనా? గోడలకి చెవులే గానీ కళ్ళెక్కడివి? మళ్ళీ పిలవాలి. అమ్మా, నువ్వు బయట నిలబడు. నాయనా, నువ్వెళ్ళి నీ బెంచీలో కూచో. ఈసారి నోరు మూసుకో."

అక్క గుమ్మం దిగి ఎండలో నిలబడింది. ఫొటోలాయన మోకాళ్ళు ముడుచుకుని వెనక బెంచీలో ఇరుక్కున్నాడు. తాళాలాయన పట్టీ విప్పి, గొంతు సవరించుకుని, ఒక్కొక్క పేరే పిలుస్తూ వచ్చి, అక్క పేరు పిలిచాడు.

ఫొటోలాయన నాలుక దానంతటదే లేచింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

గదిలో ఎవరూ పలకలేదు. తాళాలాయన రెండోసారి పిలిచాడు. మూడోసారి. పలకలేదు.

"రాలేదు," అని పైకి అంటూ రాసుకున్నాడు.

పెంకుల సందుల్లోంచి పిడికెడు మట్టి రాలింది. కిటికీ రెక్కలు రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి. బయట ఎండలో నిలబడ్డ అక్క కాళ్ళమీదికి బడి నీడ పాకి వచ్చింది. ఫొటోలాయన పరిగెత్తుకొచ్చి స్టాండు పెట్టి ఫొటో తీశాడు. ఆయన తీసిన నలభై ఫొటోల్లో చెదిరింది అదొక్కటే. అదే ఇప్పుడు గోడకి నడిమధ్య ఉంది.

యాభై ఏళ్ళు ఆగిన నడక కదా, మిగతా బళ్ళలా పదీ ఇరవై అడుగులతో సరిపెట్టుకోలేదు. బుధవారం వంతెన దగ్గర చూశానని పాలవాడు చెప్పాడు. "లోపల ఒక ముసలాయన కూచుని ఊడుస్తూనే ఉన్నాడండీ," అన్నాడు. శుక్రవారం పెట్రోలు బంకు దాటింది. సోమవారం పొద్దున యజమానురాలు కొట్టు తీయడానికి వచ్చేసరికి, స్టూడియోకీ కుట్టుకొట్టుకీ మధ్య సైకిళ్ళు పెట్టుకునే ఖాళీలో, రెండు గోడలకీ తగలకుండా పక్కకి తిరిగి సర్దుకుని కూర్చుంది.

"ఎవరికోసమే?" అంది యజమానురాలు.

"నాకోసం వదినా," అంది అక్క. నలభై ఏళ్ళుగా దాచిన మాట అంత తేలిగ్గా బయటికి వచ్చింది. "కొట్టు నేనే నడుపుతా. కాకపోతే రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఉండను. పుస్తకం రాయడం వచ్చేదాకా దారాలే."

యజమానురాలు గోడమీది దారాలకేసి, అక్కకేసి మార్చి మార్చి చూసింది. "నలభై ఏళ్ళు నన్ను భలే వెర్రిదాన్ని చేశావే," అని, తాళాలు ఆమె చేతిలో పెట్టి, "మొదట నా పేరు రాయడం నేర్చుకో," అంది.

మధ్యాహ్నం ఫొటోలాయన కెమెరా పట్టుకుని బడి కిటికీ దగ్గర నిలబడ్డాడు. లోపల అక్క ముందు బెంచీలో, మెడలో కొలత దారాలతోనే కూర్చుంది. తాళాలాయన పట్టీ విప్పాడు. అక్క పేరు పిలిచాడు.

పాత అలవాటు. కిటికీ బయట ఫొటోలాయన నోరు తెరిచాడు.

అక్క వెనక్కి తిరగకుండానే కత్తెర వేళ్ళు రెండూ ఆడిస్తూ తమ్ముణ్ణి బెదిరించి, మేకపిల్లలా కాకుండా, వీధి చివరిదాకా వినబడేలా పలికింది.

"వచ్చాను!"

ఆయన ఫొటో తియ్యడం మర్చిపోయాడు.