గచ్చు మీద తడి అడుగులు

పొద్దున లేవగానే దేవకుమారికి మొదటి పని అత్తగారి అడుగులు తుడవడం.

అచ్చమ్మగారికి కాళ్ళు పడిపోయి ఆరేళ్ళయింది. మంచం దిగరు. తెల్లవారేసరికి మాత్రం ఆవిడ అడుగులు వీధి గుమ్మం దగ్గర మొదలై, వసారా దాటి, గచ్చు మీదుగా మంచం దాకా వచ్చి ఉండేవి. ఉప్పునీటి తడి, వేళ్ళ సందుల్లోంచి రాలిన సన్న ఇసుక, ఒక్కోనాడు చిన్న గవ్వ. ఆవిడ పుట్టిల్లు బాపట్ల అవతల, సూర్యలంక దాపున.

ఎదురింటి సుశీల ముగ్గేసుకుంటూ, "మీ అత్తగారు ఇవాళ పెందలాడే వచ్చేసినట్టున్నారే, వీధిలో అడుగులు అప్పుడే ఆరిపోయాయి" అనేది.

"అవునక్కా, నిన్న బాగా అలిసిపోయారు" అనేది దేవకుమారి. అంతే. ఇద్దరూ మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడేవాళ్ళు.

తడి తుడిచి, ఇసుక చేటలోకెత్తి జామచెట్టు మొదట్లో పోసేది దేవకుమారి. ఆమెకి తెలిసిన సముద్రం ఆ చేటెడు ఇసుకే. పెళ్ళయి తెనాలి వచ్చి పన్నెండేళ్ళు. బాపట్లకి రైల్లో గట్టిగా గంటన్నర లేదు. అయినా వెళ్ళింది లేదు. మొదట్లో చంటిపిల్లతో కుదరలేదు, తరవాత అత్తగారు మంచం పట్టారు. ఎవరు ఎక్కడికి వెళ్ళినా అచ్చమ్మగారి దగ్గర ఒకరుండాలి కదా. ఆ ఒకరు ఎవరని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు.

ఎనభై ఆరులో, ఎండాకాలం సెలవులివ్వగానే, ఆమె భర్త ప్రకాశరావు అందరం మూడు రోజులు బాపట్ల వెళ్ళొద్దామన్నాడు. నందివెలుగు బడిలో మాస్టారాయన. తోటి మాస్టారి బావగారింట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయట, దిగడానికి ఇబ్బంది లేదట. కబురందగానే రేపల్లె నుంచి ఆయన అక్క సుగుణమ్మ పిల్లలిద్దర్నీ వెంటేసుకుని దిగిపోయింది. ఆ సాయంత్రం వసారాలో చాప పరిచి ప్రయాణం మాటలు మొదలుపెట్టారు.

"పులిహోర కలిపి పట్టుకెళదాం. సముద్రం గాలికి ఆకలెక్కువరా" అంది సుగుణమ్మ.

"చుండూరు దాటకుండానే సగం నువ్వు లాగించేస్తావుగా అక్కా."

"నోర్ముయ్. బళ్ళో నువ్వు మాస్టారివేమో, ఇక్కడ కాదు."

పిల్లలు పకపకా నవ్వారు. దేవకుమారి కూతురు రూతుకి పదేళ్ళు. ఆ పిల్ల ఉన్నట్టుండి, "నాన్నా, రైల్లో కిటికీ పక్కన నేను కూర్చోనా, అమ్మ కూర్చుంటుందా?" అంది.

"మీ అమ్మ వస్తే నాయనమ్మకి జావ ఎవరు పోస్తారే?" అంది సుగుణమ్మ. "దానికి ఇల్లే సుఖం. అంతేగా దేవకుమారీ?"

"అంతేనండి వదినగారూ" అంది దేవకుమారి, తలవంచుకుని చింతపండులో గింజలు తీస్తూ.

మంచం మీంచి అచ్చమ్మగారు కోడలి వంక చాలాసేపు చూశారు. 

మర్నాడు పొద్దున గుడ్డ పట్టుకుని వంగిన దేవకుమారి వంగినట్టే ఆగిపోయింది. అత్తగారి అడుగులకి ఎడంపక్కన ఇంకో జత ఉంది. చిన్న పాదాలు. కుడికాలి చిటికెన వేలు నేలకి ఆనలేదు. తన కాలెత్తి చూసుకుంది. వేళ్ళ సందున ఇసుక.

 ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? పైకి బుద్ధిగా కూర్చుని లోపల ఇంత ఆశ పెట్టుకుందా అనుకోరూ? ముందు తనవి గబగబా తుడిచేసి, అప్పుడు అత్తగారివి తీరిగ్గా తుడిచింది.

"నీవి కూడా తుడిచేశావా?" అన్నారు అచ్చమ్మగారు.

దేవకుమారి గుడ్డ పిండి దండెం మీద వేసింది.

రెండోనాడూ అంతే. మూడోనాడు అడుగుల వెంట చీర కుచ్చెళ్ళు ఈడ్చిన తడి కూడా ఉంది, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వచ్చినట్టు. అదీ తుడిచేసింది.

"పిచ్చిమొహమా" అన్నారు అచ్చమ్మగారు. "అంత దూరం చెయ్యి పట్టుకుని తీసుకెళుతుంటే వచ్చీరాగానే తుడిచేసుకుంటావేంటే?"

"ఊరుకోండి అత్తయ్యా, వదినగారు లేస్తారు."

శుక్రవారం ప్రయాణం. గురువారం పొద్దున చూస్తే గుడ్డ లేదు. దండెం మీద లేదు, గూట్లో లేదు, బావి దగ్గరా లేదు. ఇంక లాభం లేదని చీర కొంగుతోనే తుడవబోతుంటే, "కాఫీ అయిందా?" అంటూ ప్రకాశరావు రానే వచ్చాడు. అచ్చమ్మగారు గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు. తలగడ కింద నుంచి గుడ్డ కొస వేలాడుతోంది.

ప్రకాశరావు గచ్చు వంక చూశాడు. "ఇవి అమ్మవి. మరి ఇవెవరివి?"

"నావేమోరా" అని సుగుణమ్మ వచ్చి పాదం పెట్టి చూసింది. ఆమె పాదం బెత్తెడు బయటికొచ్చింది. రూతు పెట్టింది. పిల్ల పాదానికి అందులో ఇంకా చోటు మిగిలింది. రూతు కూర్చుని దగ్గరగా చూసి, "చిటికెన వేలు పడలేదు చూడు నాన్నా. అమ్మవి" అంది.

ప్రకాశరావు ఆ అడుగుల వెంట గుమ్మం దాకా నడిచాడు. వీధిలోకి చూశాడు. ఒక్క అడుగు కూడా తొక్కకుండా పక్క పక్కనుంచే వెనక్కి వచ్చాడు. పన్నెండేళ్ళలో భార్య పాదం ఎంత ఉంటుందో చూడ్డం ఆయనకి అదే మొదలు.

"ఎన్నాళ్ళ నుంచి వెళుతున్నావు?"

"నాలుగు రోజులేనండి" అంది దేవకుమారి.  "ఇంక వెళ్ళనులెండి."

ఆ మాటకి ఆయన మొహం ఎలాగో అయిపోయింది. "రేపు నువ్వు వెళ్ళు" అన్నాడు.

"మరి అమ్మ దగ్గర ఎవరుంటార్రా?" అంది సుగుణమ్మ.

"నేనుంటా."

"నువ్వా! ఎదురుగా గిన్నె ఉన్నా వడ్డించుకోవడం చేతకాదే నీకు!"

"నేర్చుకుంటా." భార్య వైపు తిరిగాడు. "జావలో ఉప్పు ముందే వేస్తావా, దించాకా?"

"దించాకండి" అంది దేవకుమారి.  కొంగు కళ్ళకద్దుకుంది.

"ఉండలు కడితే నేను తాగను" అన్నారు అచ్చమ్మగారు. తలగడ కింది గుడ్డ లాగి కొడుకు చేతికిచ్చారు. "ముందు ఇవి తుడువు."

ఆయన వంగి తల్లి అడుగులు తుడిచాడు. భార్యవి మాత్రం వాటంతటవే ఆరేదాకా వదిలేశాడు.

శుక్రవారం సాయంత్రం సూర్యలంకలో, సరుగుడు తోట దాటగానే సముద్రం కనపడింది. పిల్లలు కేకలేస్తూ పరిగెత్తారు. దేవకుమారి మెల్లగా వెళ్ళి నీళ్ళలో నిలబడింది. అల వెనక్కి పోతూ మడమల కింద ఇసుకని లాగేసుకుంటుంటే ఆమె పాదాలకి భయం వెయ్యలేదు, అవి ఎరిగిన సంగతే. ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంది. మంచంలో ఉండి కూడా తనని ఇంత దూరం నడిపించిన మనిషికి వందనాలు చెప్పుకుంది. ఈపాటికి పొయ్యి ముందు చెమటలు కక్కుతూ జావ కలుపుతున్న మనిషికీ చెప్పుకుంది.

తడి ఇసుక మీద నడవడం మొదలుపెట్టింది. సుగుణమ్మ గబగబా వచ్చి కుడిపక్కన చేరబోయింది.

"వదినగారూ" అంది దేవకుమారి. "ఇలా ఎడంపక్కకి రండి. ఆ పక్కన చోటుండాలి."

పన్నెండేళ్ళలో ఎవర్నీ కాస్త జరగమని కూడా అడగని మనిషి. సుగుణమ్మ కుడిపక్క ఇసుక వంక చూసింది. కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, వెనకనుంచి చుట్టి ఎడంపక్కకి వచ్చింది.